దుప్పట్లమ్మ సంచి

మా పెద్దమ్మకు కోపం ముక్కు మీదే ఉండేది. అందులో సగం లావెండర్ మొక్కలకు నీళ్లు పోసేవాళ్ల మీద. ఆమె పనిచేసే ఆసుపత్రిలో తోటమాలిని అందరూ గొట్టం బాబాయ్ అనేవారు. చేతిలో రబ్బరు గొట్టం లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు మరి. ఆ గొట్టం లాండ్రీ గోడ వైపు తిరిగిందంటే చాలు, పెద్దమ్మ సబ్బు నురగ చేతులతోనే బయటికి ఉరికేది.

"ఇటు రాకు బాబాయ్! దానికి నీళ్లు పొయ్యొద్దని నీకెన్నిసార్లు చెప్పాలి?"

"ఎండిపోయినట్టుందమ్మా, చూస్తే జాలేస్తోంది."

"నీ జాలి నీ గులాబీల దగ్గర పెట్టుకో. దీని మీద జాలి చూపించావంటే వేళ్లు కుళ్లి చస్తుంది."

ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయేవాడు, మర్నాడు మళ్లీ వచ్చేవాడు. చిన్నప్పుడు సెలవుల్లో పెద్దమ్మ వెంట వెళ్లినప్పుడు నాకు ఇదే పెద్ద వినోదం.

అది మంచాన పడి ఎక్కువకాలం ఉండాల్సినవాళ్ల ఆసుపత్రి. పెద్దమ్మ వయసులో ఉండగా అక్కడ లాండ్రీలో చేరింది, అక్కడే జుట్టు నెరిసింది. వార్డులనుంచి దుప్పట్లు, దిండు గలీబులు, రోగుల చొక్కాలు బళ్ల మీద వచ్చేవి. ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి, తనే బండి తోసుకుంటూ వెళ్లి పక్కలు మార్చేది. అందుకే ఆమెకు దుప్పట్లమ్మ అన్న పేరు స్థిరపడింది. అసలు పేరుతో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూసేది కాదేమో. పెళ్లి ఒకసారి కుదిరి తప్పిపోయిందట. తర్వాత ఎవరైనా ఆ ఊసెత్తితే తినే కంచం ముందునుంచి లేచిపోయేదట. మా నాన్న పోయాక మా ఇంటికి వచ్చేసింది. అప్పటినుంచి ఇంట్లో ముగ్గురం, అమ్మ, పెద్దమ్మ, నేను. అక్కచెల్లెళ్లిద్దరూ ఒకే గదిలో పడుకునేవారు. అమ్మ కిటికీ తెరిచేది, పెద్దమ్మ మూసేది. "గాలాడక చస్తున్నానక్కా" అని ఒకరు, "చలికి నా మోకాళ్లు పట్టేస్తే నువ్వొచ్చి మోస్తావా" అని ఇంకొకరు. ఆ దెబ్బలాట వినబడితేనే నాకు ఇల్లు ఇల్లులా ఉండేది.

మొదటి లావెండర్ మొక్క పెద్దమ్మ తెచ్చుకున్నది కాదు. ఎవరో రోగి కిటికీలో పెట్టుకుని, బాగై ఇంటికి వెళ్లేటప్పుడు మరిచిపోయిన కుండీ. పారేయడానికి మనసొప్పక లాండ్రీ వెనక గోడవార పాతింది. అక్కడ నేలంతా పాత కట్టడం తాలూకు ఇటుక ముక్కలు, సున్నం పెళ్లలు. ఏదీ బతకదని గొట్టం బాబాయ్ వదిలేసిన చోటు. లావెండర్‌కు సరిగ్గా అదే కావాలి. రోజంతా ఎండ, నీరు నిలవని నేల, ఊరికే తన జోలికి రాని మనుషులు. మొక్క కుదురుకున్నాక, పువ్వు లేని లేత కొమ్మలు తుంచి ఇసుకలో గుచ్చి, వేళ్లు పట్టాక నాటుతూ నాటుతూ గోడ పొడుగునా వరుస నింపేసింది.

పూల వెన్నులో కిందివి విచ్చి పైవి ఇంకా మొగ్గలుగా ఉండగానే, పొద్దుటి మంచు ఆరాక కోసేది. వదులుగా కట్టలు కట్టి ఇస్త్రీ గదిలో తాడుకు తలకిందులుగా వేలాడదీసేది. ఎండాక పాత జల్లెడ మీద రుద్దితే పూలు జలజలా రాలేవి. ఇక కోత తర్వాత మొక్కల్ని కత్తిరించడం ఒక ఘట్టం. అప్పుడు ఆమెను ఎవరూ పలకరించకూడదు. "పచ్చగా ఉన్నంతవరకే కత్తెర. ఇదిగో, ఇక్కడ కట్టె మొదలైంది చూశావా? ఇందులోకి దిగామంటే మళ్లీ చిగురు రాదు. గులాబీ అయితే పోనీలే అని ఊరుకుంటుంది. ఇది ఊరుకోదు" అని నాకు చూపించేది.

ఆ పూలతో సంచులు కుట్టేది. చిరిగిన దుప్పట్లలో గట్టిగా ఉన్న మూలలు కత్తిరించి, అరచేతిలో పట్టేంత సంచి చేసి, పూలు నింపి మూతి కుట్టేసేది. పూలు తక్కువ, పడకలు ఎక్కువ. అందుకని బొత్తిగా నిద్ర పట్టనివాళ్లకే ఇచ్చేది. ఎవరికి పట్టడం లేదో ఎవరినీ అడిగేది కాదు. విడిచిన బట్టల బండిలో దుప్పటి చూస్తే ఆమెకు తెలిసిపోయేది. కంటినిండా నిద్రపోయినవాళ్ల దుప్పటి నడుమ మాత్రమే నలుగుతుంది. నిద్రలేనివాళ్లది తాడులా మెలితిరిగి ఉంటుంది, చెమటకు తడిసి ఉంటుంది, అంచులు పీకేసి ఉంటాయి. అలాంటి దుప్పటి ఒకే మంచం నుంచి వరసగా వచ్చిందంటే ఆ మంచానికి సంచి వెళ్లేది. మొహమాటపడతారని చెప్పకుండా దిండు కింద పెట్టి వచ్చేసేది.

"ఇవాళ మూల మంచం ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఒకటే ఏడుపు. వదిలితేనా! ఎంత సంతోషమో పాపం, ఇంతా చేసి పిడికెడు పూలు" అని ఒక సాయంత్రం ఇంటికొచ్చి చెప్పింది. చెబుతూ తనూ కళ్లు తుడుచుకుంది. వార్డులోకి తను అడుగుపెడితే ఎవరూ కిక్కురుమనరని, అంత గౌరవమని కూడా చెప్పుకునేది. "ఇక్కడ మాత్రం నిన్ను చూడగానే నాకు నోరు లేస్తుంది, ఏం చెయ్యను?" అని అమ్మ ఆటపట్టించేది. పెద్దమ్మ జీవితంలో చెప్పుకోదగ్గ గొప్ప అదొక్కటే. మేమూ కాదనలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లకు, బీరువా మీది పెట్టె దించబోయి అమ్మ స్టూలు మీంచి పడింది. తుంటి విరిగింది. వేరేచోట ఆపరేషన్ చేసి, నడక అలవాటు చేయించడానికి పెద్దమ్మ పనిచేసే ఆసుపత్రికే పంపారు. "ఎముక చక్కగా కూర్చుంది. రోజూ నడిస్తే నెల తిరక్కుండా ఇంటికెళ్లిపోవచ్చు" అన్నాడు డాక్టరు. పెద్దమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. చెల్లెలి పక్క తన చేత్తో వేయడం, బండిలో అన్నిటికన్నా మెత్తటి దుప్పటి ఏరి తేవడం, అది చూసి మిగతావాళ్లు మూతి ముడిస్తే పట్టించుకోకపోవడం.

అమ్మకు అక్కడ నిద్ర పట్టలేదు. కొత్త చోటు, తెరవని కిటికీలు, చుట్టూ దగ్గులు. ఆమె దుప్పటి మెలితిరిగి రావడం పెద్దమ్మ కంటపడింది. ఆ ఏడాది పూలు అంతంతమాత్రం. మొక్కలు ముసలివై కింద అంతా కట్టె తేలింది. ఎడతెరిపి లేని వానలకు కొన్ని నల్లబడ్డాయి కూడా. ఉన్న పూలన్నీ ఊడ్చి ఒకే ఒక్క సంచి కుట్టింది, అంచుకు నీలం దారం వేసి. అమ్మను నడిపించడానికి తీసుకెళ్లిన సమయం చూసి దిండు కింద పెట్టింది. తన చెల్లెలు ఆ రోజు హాయిగా నిద్రపోతుందని ఇస్త్రీ చేసే ఆవిడకు కూడా చెప్పుకుందట.

నేను కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తాను. సాయంత్రం దుకాణం నుంచి నేరుగా ఆసుపత్రికి వెళితే అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"ఏమ్మా, ఇవాళ ఎంతదూరం నడిచావు?"

"నడిచి ఎక్కడికి పోవాలి?"

"ఎక్కడికేమిటి, ఇంటికి."

"అబద్ధాలాడకే. డాక్టరు చెప్పింది మా అక్కకు తెలుసు, నీకు తెలుసు. నాకే చెప్పలేదు." దిండు కిందినుంచి సంచి తీసి నా ఒళ్లో పడేసింది. "చెప్పలేక ఇది పెట్టి పోయింది."

నాకేమీ అర్థం కాలేదు. పక్క మంచంలో ఒక రిటైరైన టీచరమ్మ ఉండేది. ఆవిడ నన్ను దగ్గరకు రమ్మని సైగ చేసి, గొంతు తగ్గించి చెప్పింది.

"మీ అమ్మగారికి నేను చెప్పకుండా ఉండాల్సింది. కానీ ఇక్కడ అందరికీ తెలుసమ్మా. దుప్పట్లమ్మ సంచి ఎవరి దిండు కిందికొస్తే వాళ్లు మరి లేవరు. నేనొచ్చాక ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంకెన్నాళ్లో డాక్టర్లు ముందు ఆవిడకే చెబుతారట."

ఎలా తప్పుతుంది? తెల్లవార్లూ దొర్లేది ఎవరు? ఊపిరందనివాళ్లు, నొప్పికి ఓర్చుకోలేనివాళ్లు, రోజులు దగ్గరపడ్డవాళ్లు. తాడులా మెలితిరిగేది వాళ్ల దుప్పట్లే. పెద్దమ్మ నిద్రలేనివాళ్లను ఏరుతున్నాననుకుంది, ఏరింది పోయేవాళ్లను. వార్డుకు కనబడింది మాత్రం ముందు సంచి, వెనకాలే ఖాళీ మంచం. ఆయాలకు తెలుసు, నర్సులకు తెలుసు, పక్క మంచాల చుట్టాలకు తెలుసు. ఇన్నేళ్లలో ఒక్కరంటే ఒక్కరు ఆమె మొహం మీద చెప్పలేదు. ఆవిడ మనసు నొచ్చుకుంటుందని ఊరుకున్నారట, మర్యాదట. ఆ మర్యాదను తగలెయ్య.

అమ్మకు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. పెద్దమ్మ నిద్ర కోసమే పెట్టిందన్నాను, డాక్టర్ని పిలిచి ఆయన చేత చెప్పించాను. అమ్మ అంతా విని, "సరేలే" అని మళ్లీ గోడవైపు తిరిగింది. మర్నాడు నడిపించడానికి వస్తే రానంది. దాంతో పెద్దమ్మకు చెప్పక తప్పింది కాదు.

వెళ్లేసరికి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతోంది. "ఆ చివర పట్టుకో" అంది. పట్టుకున్నాను. దగ్గరికి రావడం, అంచులు కలపడం, మళ్లీ వెనక్కి జరగడం. అలా మడతపెడుతూనే చెప్పాను, ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక. సగంలోనే ఆమె చేతులు ఆగిపోయాయి. దుప్పటి ఆ చివర తడి నేల మీద పడింది.

"అందరూ అలాగే అనుకున్నారా?"

నేను కిందపడ్డ దుప్పటి చివర ఎత్తి బల్ల మీద వేశాను.

"మొదటినుంచీనా?"

"నాకేం తెలుసు పెద్దమ్మా."

"మూల మంచం ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది చూడు. వద్దని బతిమాలిందన్నమాట" అంది. "నేను ఆవిడ తల నిమిరి, సంచి మళ్లీ దిండు కిందికి తోసి వచ్చానే." బల్ల పట్టుకుని కింద కూలబడింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది నాకు. నిద్ర పంచుతున్నాననుకుని ఒక మనిషి జీవితమంతా భయం పంచిపెట్టింది. ఆ ముక్క ఎలా తిప్పి చెప్పినా ఓదార్పుగా మారదు.

ఆ పైవారం ఆమె ఒక పని చేసింది. చెల్లెల్ని ఎలాగైనా లేపి నడిపించాలన్న ఆరాటంలో ఆమెకు తోచింది ఒక్కటే. ఒక్కరికి పెడితే అది కబురు, అందరికీ పెడితే ఇక దానికి అర్థమేముంటుంది? కానీ పూలు లేవు. ఆకుకూ వాసన ఉంటుంది కదా అని కత్తెర పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లింది. నేను వెనకాలే వెళ్లాను. మొదటి మొక్కను పట్టుకుని, పచ్చ దాటించి, కట్టెలోకి దించి కోసింది. గొట్టం బాబాయ్ గొట్టం వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"కట్టెలోకి కోస్తున్నావేమిటమ్మా! చిగురు రాదని నువ్వే చెప్పావు కదా!"

"తెలుసు బాబాయ్. పక్కకు జరుగు."

వరసంతా నేలమట్టం చేసింది. పై చిగుళ్లు మాత్రం కోస్తే అన్ని పడకలకూ సరిపోవని లెక్క చూసుకుందట. కొమ్మలు ఆరబెట్టి, ఆకు దూసి, ఇంట్లో ఇద్దరం కూర్చుని సంచులు కుట్టాం. పొద్దున పక్కలు మార్చేటప్పుడు ప్రతి దిండు కిందా ఒకటి పెట్టింది, అందరికీ కనబడేట్టు.

ఏం జరుగుతుందో మా ఇద్దరికీ తట్టకపోవడం ఇప్పుడు తలుచుకుంటే వింతగా ఉంటుంది. వార్డంతా గొల్లుమంది. ఒకావిడ కొడుక్కి ఫోన్ చేసి ఇప్పుడే వచ్చి తీసుకుపొమ్మని ఏడ్చింది. ఒకాయన సంచిని కిటికీ అద్దానికేసి కొట్టాడు. వెనక వరసలో ఒక బస్సు కండక్టరు తాత ఉండేవాడు, ఏ సంగతైనా నవ్వులాటే ఆయనకు. "ఏం దుప్పట్లమ్మా, అందరినీ ఒకే బస్సు ఎక్కించేస్తున్నావా?" అన్నాడు, అనేసి ఆయనే దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. హెడ్ నర్సు వచ్చి, ఇవన్నీ ఈ క్షణమే బయట పారేయకపోతే నిన్నే పంపించేస్తానంది. పెద్దమ్మ ఒక్కో మంచం దగ్గరికీ వెళ్లి, పెట్టిన సంచి తనే తీసి బండిలో వేసుకుంది. ఒక్కరూ ఆమె మొహం చూడలేదు. అమ్మ మంచం పక్క బల్ల మీద పడేసి ఉన్న నీలం దారం సంచి కూడా ఆ బండిలోకే వెళ్లింది. బండి నేరుగా చెత్త కాల్చే చోటికి పోయింది.

అమ్మ మాత్రం అరవలేదు, భయపడలేదు. అక్కను దగ్గరకు పిలిచింది.

"నాకు పెట్టింది నాకు తెలిసిపోయిందని అందరికీ పెట్టావు కదా?"

"లేదే. ఒట్టు. నీకేమీ లేదే. లేచి నడువు తల్లీ."

"నీ మొక్కల్ని ఎంత ప్రాణంగా చూసుకుంటావో నాకు తెలీదా? ఊరికే నరికేసుకుంటావా? అంటే నాది నిజమేనన్నమాట."

పెద్దమ్మ ఏం చెప్పినా అది ఆ అనుమానానికి ఇంకో రుజువయ్యేది.

అమ్మ మొండిది కాదు, ఊరికే నమ్మేసింది. నమ్మాక నడక ఎందుకు, తిండి ఎందుకు? రోజంతా అదే ఒత్తిగిలి పడుకునేది. కదలని మనిషికి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నాడు డాక్టరు. మందులు మార్చారు, ముక్కు మీద ఆక్సిజన్ పెట్టారు. తుంటి ఎముక మాత్రం అద్భుతంగా అతుక్కుంది. ఎక్స్‌రే తీసి మరీ చూపించారు నాకు. ఆ ఫోటో చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఒక మధ్యాహ్నం, ఎండ మంచం కాళ్ల దాకా వచ్చిన వేళ, అమ్మ కళ్లు తెరిచి ముక్కు మీది మాస్కు పక్కకు జరిపింది. మేమిద్దరం అక్కడే ఉన్నాం.

"అక్కా, నీ సంచి ఒకటి ఉంటే పెట్టవూ? నిద్రొస్తుందేమో. ఎన్నాళ్లయిందో నిద్రపోయి."

భయం లేదు ఆ గొంతులో. మంచినీళ్లు అడిగినట్టు అడిగింది. పెద్దమ్మ మొహం ఎలా అయిందో నేను రాయలేను. లేచి బయటికి పరుగెత్తింది. నేను కిటికీలోంచి చూశాను. మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో మోడూ చేత్తో తడుముతూ గోడ చివరిదాకా వెళ్లింది. ఎక్కడా ఒక్క ఆకు లేదు. చివరికి ఒక మోడు పై బెరడు గోళ్లతో గీరి, రెండు అరచేతుల మధ్యా నలుపుకుంటూ వచ్చింది. వేళ్ల చివర రక్తం వస్తోంది. ఆ చేతులు చెల్లెలి మొహం మీద దోసిలిలా పట్టింది.

"వస్తోందా అమ్మడూ?"

అమ్మ ఊపిరి పీల్చింది. ఎంతో కష్టపడి పీల్చింది.

"వస్తోందక్కా. బాగుంది" అంది. కళ్లు మూసుకుంది.

దిండు సర్దడానికని నేను వంగాను. ఆ చేతుల్లోంచి నాకు బట్టల సబ్బు వాసన తప్ప ఏమీ రాలేదు.

అమ్మ ఆ నిద్రలోంచి లేవలేదు. ఆ మంచం మీది ఆఖరి దుప్పటి పెద్దమ్మే తీసింది. నడుమ మాత్రమే నలిగి, అంచులు అంచులుగానే ఉన్నాయి.

పెద్దమ్మ ఇప్పటికీ లాండ్రీలోనే పనిచేస్తోంది, వార్డులోకి మాత్రం వెళ్లదు. పక్కలు వేరే ఆవిడ మారుస్తుంది. కొత్త మొక్క తెచ్చిస్తానని గొట్టం బాబాయ్ ఎన్నోసార్లు అడిగాడు, వద్దంది. ఏమో, ఏదో ఒకటి చిగురిస్తుందేమోనని ఆయన ఆ మోళ్లకు రోజూ నీళ్లు పోస్తాడు. ఆమె లోపలినుంచి చూస్తుంది, ఏమీ అనదు. ఆ నేలలో ఇప్పుడు నీళ్లు నిలుస్తున్నాయి.

ఇంట్లో ఆ గదిలో ఇప్పుడు నేను పడుకుంటున్నాను. పడుకోబోయే ముందు పెద్దమ్మే లేచి కిటికీ తెరుస్తుంది. మోకాళ్లు పట్టేస్తాయి, మూసేయమంటే వినదు. దుప్పటి కప్పుకుని కూర్చుని రోజూ ఒకటే అడుగుతుంది.

"ఏమే, వాసన వస్తోందనే అంది కదా?"

"అంది పెద్దమ్మా. బాగుందని కూడా అంది."

అన్న మాట నిజమే. అంతకు మించి ఆమె అడగదు, నేను చెప్పను. కాసేపటికి లేచి కిటికీ రెక్క ఇంకాస్త తోసి వస్తుంది. పొద్దున్న ఆమె దుప్పటి నేనే మడతపెడతాను, తాడులా మెలితిరిగి ఉంటుంది.